కుడి చేతిలో బాతు

సావా నది గట్లు తెంచుకుని ఊళ్ళు ముంచిన ఏడు. ఆ వరదకే రాదోయె కొడుకు స్తెవాన్ పోయాడు. అదే ఏడు, మంచు మొదలయ్యే రోజుల్లో...

ఢాం!

ఆపరేషన్ గది బయట తుపాకీ పేలింది. కాపలా పోలీసు కూలిన చప్పుడు.

రాదోయె బల్ల మీద ఉన్నాడు. ముఖం మీద పచ్చగుడ్డ. మెడ ఎడమవైపు కోసి ఉంది. మత్తు మెడకే ఇచ్చారు. మనిషి మెలకువగానే ఉన్నాడు!

కుడి చేతిని ఆడించే మెదడు సగానికి నెత్తురు తీసుకుపోయే నాళాన్ని డాక్టర్ వెస్నా ఇప్పుడే క్లిప్పుతో బిగించింది. అంతకుముందే అతని కుడి చేతిలో పిల్లలాడుకునే రబ్బరు బాతు పెట్టింది.

“నొక్కుతూ ఉండు తాతా. ఇది కీచుమన్నంతసేపూ మెదడుకు నెత్తురు అందుతున్నట్టే. ఆగిందో, గొట్టం వేసి పక్కదారిన పంపిస్తా.”

తలుపు బద్దలైంది!

“చేతులెత్తండి! గోడకి!”

ఆ గొంతు... ల్యూబిషా! చెల్లెలు యాగొద కొడుకు. తను ఎత్తుకు పెంచిన మేనల్లుడు!

“నేను పక్కకొస్తే ఈయన చచ్చిపోతాడు!” వెస్నా అరిచింది.

“పోనీ. నాకో తూటా మిగులుద్ది.”

పిస్తోలుతో ఆమెను గోడకి నెట్టి, నవ్వుతూ బల్ల దగ్గరికొచ్చాడు.

“హాయిగా నిద్రపో మామయ్యా. ఎల్లుండి కోర్టులో దొంగ సిగరెట్ల పడవల సంగతి చెప్తానన్నావుగా? అవి నావే! స్తెవానూ ఇలాగే మొండికేశాడు. వరద లాక్కుపోయిందని నువ్వు ఏడ్చావు... తోసింది నేను!”

కీచ్!

రాదోయె పిడికిట్లో బాతు నలిగిపోయింది.

“ఏంటది?”

“మెషిన్,” అంది వెస్నా.

కీ...చ్.

కీ...

వేళ్ళు తనవి కావు. భుజం దాకా చల్లబడింది. నాలుక మొద్దుబారింది. లోపల దీపం సన్నగిల్లుతోంది...

“ఆగిపోయింది.” అంది వెస్నా. “ఇక కాల్చక్కర్లేదు. అయిపోయాడు.”

“పెంచినోడు కదా. ఒక్కసారి మొహం చూసి పోతా.”

పిస్తోలు మామ గుండె మీద ఆన్చి, గుడ్డ ఎత్తాడు.

రెండు కళ్ళు. తెరిచే ఉన్నాయి!

“మామ...”

చచ్చింది కుడి చెయ్యి. ఎడమది కాదు!

అది బల్లకి కట్టిన పట్టీ తెంచుకుని లేచింది. మేనల్లుడి మణికట్టు పట్టి మెలితిప్పింది. ట్రిగ్గర్ మీదున్న వేలిపై మామ వేలు పడింది.

ఢాం!

పచ్చగుడ్డ ఎర్రబడింది. వెస్నా గొట్టం అందుకుని దూకింది.

తెల్లారింది.

రాదోయె బతికాడు. కుడి చెయ్యి కదల్లేదు. మాట పడిపోయింది.

యాగొద పరుగున వచ్చి మంచం మీద వాలిపోయింది.

“అన్నయ్యా! నా బిడ్డని కాల్చేశారు! పోలీసులు నోరు విప్పట్లేదు. నువ్వక్కడే ఉన్నావుగా... ఎవరన్నయ్యా?”

అన్న ఎడమ చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకోబోయింది.

రాదోయె ఆ చెయ్యి లాక్కున్నాడు. తన గుండెకు ఆన్చుకున్నాడు.

చెల్లెలి కళ్ళలోకి చూస్తూ... ట్రిగ్గర్ లాగినట్టు చూపుడువేలు మెల్లగా వంచాడు.