తాడు తోక

ఆ శనివారం పొద్దున మర్యానా పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కెలుకుతూ, వెనక్కి తిరక్కుండానే కూతురితో అంది: "ఏమే పొలోనా, మీ నాన్నని నీ చేతిలో పెడుతున్నాను. ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తెచ్చి అప్పజెప్పు. ముక్కూ చెవులూ అన్నీ సరిచూసుకుని మరీ తీసుకుంటాను."

"నేనేమన్నా సంతకి తోలుకెళ్ళే మేకనా?" అన్నాడు ఓజ్బెయ్, బూట్లకి కొవ్వు పట్టిస్తూ. "బతుకంతా ఆ కొండకి మనుషుల్ని ఎక్కించి దింపినవాణ్ణి."

"దింపావు. అందర్నీ కాదు."

అనేసి మర్యానా నాలిక కరుచుకుంది. పొలోనా మొగుడు దమ్యాన్ పుల్లపాల గిన్నెలోకి తల వంచేశాడు. అతను లూబ్లియానా నగరంలో పళ్ళ డాక్టరు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అత్తవారింట్లో ఏ మాటకి నవ్వాలో, ఏ మాటకి ఊరుకోవాలో ఇంకా నేర్చుకుంటున్నాడు.

మర్యానా నోరుజారి అన్నది ఓజ్బెయ్ తమ్ముడు బ్లాజ్ గురించి. పొలోనా పుట్టకముందు మాట. అన్నదమ్ములిద్దరూ స్టారెత్స్ శిఖరం నుంచి పొగమంచులో దిగుతున్నారు. ఒకే తాడుకి ఓజ్బెయ్ ముందు, బ్లాజ్ వెనక. సన్నటి కొండ వెన్ను మధ్యకొచ్చేసరికి తాడు తేలికైపోయింది. ఓజ్బెయ్ లాగి చూస్తే తమ్ముడి ఒంటికుండవలసిన ఉచ్చు ఖాళీగా వచ్చింది. తెగలేదు. ముడి విప్పలేదు. ముడి ముడిగానే ఉంది, మనిషి లేడు. ఊరు ఊరంతా ఉత్తరపు గోడ అనే నిలువు కొండచరియ కింద మంచు కరిగేదాకా వెతికింది. టోపీ కూడా దొరకలేదు. వాళ్ళమ్మ తన సమాధి పక్కన చిన్నకొడుక్కని ఒక మనిషి పట్టేంత జాగా ఉంచుకుని పోయింది. ఆ జాగాలో ఇప్పటికీ గడ్డే మొలుస్తోంది.

ఇన్నేళ్ళకి ఓజ్బెయ్ మనసు రాయి చేసుకుని ఇత్తడి పలక మీద తమ్ముడి పేరు చెక్కించాడు. దాన్ని శిఖరం మీద బిగించి రావాలని ఆ రోజు ప్రయాణం. పొలోనా కూడా తండ్రిలాగే కొండదారి చూపించే పనిలో ఉంది. తోడు తనొస్తానంది. దమ్యాన్ వద్దన్నా వచ్చాడు.

వాళ్ళ ఊరు పోడ్‌స్కాలా నుంచి స్టారెత్స్‌కి దారి మొదట బీచ్ అనే చెట్ల అడవిలోంచి, తరవాత పొట్టి దేవదారు పొదల్లోంచి, ఆ పైన ఉత్త రాళ్ళ మీదుగా పోతుంది. రాళ్ళు మొదలయ్యేచోట దమ్యాన్, "మామయ్యగారూ, కొంచెం ఆగుతారా," అన్నాడు ఆయాసపడుతూ.

"పొదలు దాటాక గారూ లేదు, గీరూ లేదు," అన్నాడు ఓజ్బెయ్. "ఇక్కడ మంత్రిగారొచ్చినా నువ్వే. గారు అనేలోపు కాలు జారుతుంది. ఇంకో మాట. నువ్వు పళ్ళు పీకేవాడివి. ఇక్కడ రాయిని పట్టుకో అంతే, పీకకు!"

పొలోనా పగలబడి నవ్వింది. తండ్రి అలా వేళాకోళమాడి చాలా రోజులైంది.

ఇక్కడ తాడు గురించి కాస్త చెప్పాలి. పోడ్‌స్కాలా వాళ్ళకి తాడు ఇంట్లో మనిషి లాంటిది. తడిస్తే ఆరబెడతారు, తొక్కితే తిడతారు. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఒకటుంది. తాడులో ఆఖరున నడిచేవాడు, తన ముడి తరవాత మిగిలిన తాడుని, అంటే తోకని, నేల మీద ఈడ్చకూడదు. చుట్టలు చుట్టి భుజాన వేసుకోవాలి. తోక రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటుందని మగవాళ్ళు చెప్తారు. ఆడవాళ్ళు చెప్పే కారణం వేరు. ఊరికే వేలాడే తాడు కనిపిస్తే ఎవరైనా పట్టుకుంటారని. ఎవరని అడిగితే మాట మార్చేస్తారు. చిన్నప్పుడు పొలోనా ఒకసారి పెరటి గుట్ట మీద తోక వదిలేసి దిగితే ఓజ్బెయ్ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆయన కూతురి మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే.

ముడి సంగతి కూడా ఉంది. ఇప్పటివాళ్ళు నడుముకి పట్టీలు బిగించుకుంటారు. ఓజ్బెయ్ మాత్రం పాతకాలంలా తాడునే ఛాతీ చుట్టూ తిప్పి కట్టుకుంటాడు. వాళ్ళ నాన్న ఇద్దరు కొడుకుల్నీ ఎదురుగా కూచోబెట్టుకుని ఆ ముడి నేర్పాడట. బ్లాజ్‌ది ఎడమచేతి వాటం. అందుకని అన్న ముడి ఎడమ రొమ్ము మీదికి వస్తే తమ్ముడిది కుడి రొమ్ము మీదికి వచ్చేది. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే అద్దంలో చూసుకుంటున్నట్టు ఉండేదని వాళ్ళమ్మ మురిసిపోయేదట.

శిఖరం మీద పలక బిగించడం తొందరగానే అయిపోయింది. ఓజ్బెయ్ రేగుపళ్ళ సారా సీసా తీసి రాయి మీద కాస్త ఒంపి, తను ఒక గుక్క తాగాడు. తమ్ముడి పేరు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"ఇంక లే నాన్నా," అంది పొలోనా.

"మన ముందు గదికి తలుపు కొత్తది పెట్టించానే, వాడు చూళ్ళేదు," అన్నాడు ఓజ్బెయ్. ఎందుకన్నాడో ఆమెకి అర్థం కాలేదు.

అప్పుడే ఉత్తరపు గోడ కింద నుంచి పొగమంచు లేచింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు అంచుదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, ఒలికింది. చూస్తూండగానే పలక మీద పేరు మాయమైంది. ఎదుట ఉన్న దమ్యాన్ నీడలా మిగిలాడు.

తాడు కట్టుకున్నారు. దారి వెతకడానికి పొలోనా ముందు. మధ్యలో దమ్యాన్. అందర్నీ కాయడానికి ఓజ్బెయ్ వెనక. తండ్రి ముడిని పొలోనా చేత్తో తడిమి చూసింది. ఎడమ రొమ్ము మీద, ఎప్పటిలాగే.

"తోక చుట్టుకున్నావా?"

"నాకు నేర్పుతున్నావుటే?" అన్నాడు ఓజ్బెయ్. కాని ఆమె ముఖం చూడలేదు.

కొండ వెన్ను మీద పొగమంచులో మాటలు సరిగా వినిపించవు. అందుకని తాడుతోనే మాట్లాడుకుంటారు. ముందువాడు ఒకసారి లాగితే వెనకవాడు తన పద్ధతిలో జవాబు లాగుతాడు. ఓజ్బెయ్‌ది రెండు పొట్టి లాగుళ్ళు, ఒక పొడుగు. మధ్యలో ఉన్న దమ్యాన్ ఆ సంగతి ముందుకి చేరవేస్తున్నాడు.

"రెండు పొట్టి, ఒక పొడుగు. మామయ్య బాగానే ఉన్నాడు!"

కుడివైపు రాయి. ఎడమవైపు ఏమీ లేదు. ఆ లేనితనంలోంచి చల్లటి గాలి పైకి కొడుతోంది. పొలోనా ఒక్కో అడుగూ తడుముకుంటూ దిగుతోంది. కాసేపటికి ఒక వాసన తగిలింది. తడిసిన జనపనార వాసన. వాననీళ్ళలో నానిపోయిన పాత మోకు ఎలా కంపు కొడుతుందో, అలా. ఇప్పుడు ఎవరూ జనపనార తాళ్ళు వాడరు. తమది నైలాను తాడు.

"పొలోనా..." దమ్యాన్ గొంతు తగ్గించాడు. "మీ నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు."

"తనలో తను గొణుక్కునే అలవాటు ఆయనకి."

"కాదు... మధ్యమధ్య ఆగుతున్నాడు. జవాబు వింటున్నట్టు."

పొలోనా నిలబడిపోయింది. చెవి రిక్కించింది. మంచులోంచి తండ్రి గొంతు లీలగా వచ్చింది. పసివాణ్ణి బుజ్జగిస్తున్నట్టు ఉంది.

"పట్టుకో... ఆఁ, అలాగే... గట్టిగా పట్టుకో... ఇంటికెళ్దాం..."

ఆమెకి చెంప మీద చిన్ననాటి దెబ్బ చురుక్కుమంది. చుట్టుకోలేదు. నాన్న తోక చుట్టుకోలేదు. కావాలనే వదిలాడు.

"నాన్నా!" అని అరిచింది. "తోక పైకి లాగు! ఇప్పుడే! నాన్నా!"



తాడు బిగుసుకుంది. దమ్యాన్ రెండడుగులు వెనక్కి తూలి రాయిని కౌగిలించుకున్నాడు. వెనక ఒక మనిషి బరువు కాదది. తాడు కిర్రుమంది. ఆ లాగుడు దారి వెంట లేదు. ఎడమవైపుకి ఉంది. ఉత్తరపు గోడ వైపుకి.

"పడిపోయాడా?" దమ్యాన్ పళ్ళు టకటకమంటున్నాయి. "పొలోనా, నన్ను లాగేస్తున్నాడు..."

"రాయి వదలకు! పట్టుకో, పీకకు!" అంది. తండ్రి మాట తన నోట్లోంచి రావడం ఆమెకే వింతగా అనిపించింది.

ఆమె తాడుని ఒక బండ కొమ్ముకి రెండు చుట్లు వేసి, కాళ్ళు తన్నిపెట్టి ఒరిగిపోయింది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మంచులో ఎక్కడో ఇద్దరు మగవాళ్ళ ఊపిరి. ఒకటి ముసలిది. ఒకటి... ముసలిది కాదు.

తరవాత బరువు ఒక్కసారిగా పోయింది.

ఆమె ఒకసారి లాగింది. మళ్ళీ లాగింది.

జవాబు వచ్చింది. ఒక్కటే లాగుడు. మొద్దుగా.

"ఉన్నాడు!" దమ్యాన్ ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అన్నాడు. "వస్తున్నాడు!"

"నాన్నా, దెబ్బ తగిలిందా?"

"పద," అంది మంచులోంచి గొంతు. తండ్రి గొంతే. కాస్త బొంగురుపోయింది.

చలికి వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, అందుకే రెండు పొట్టీ ఒక పొడుగూ లాగలేకపోయాడు... అని సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోకపోతే కాలు కదిలేది కాదు. అమ్మకి మాటిచ్చింది. నాన్నని దింపాలి, అంతే. మిగతాదంతా ఇంట్లో పొయ్యి దగ్గర అడగొచ్చు, తిట్టొచ్చు.

వెన్ను దిగాక రాతి అరుగు మీద ఒక చిన్న బస గది ఉంది. వేసవి అయిపోయాక దానికి కాపలా ఉండదు. తలుపుకి తాళం మాత్రం వెయ్యరు, దారి తప్పినవాళ్ళ కోసం. గడప ముందే లోయ కాబట్టి లోపలికి అడుగుపెట్టేదాకా ఎవరూ తాడు విప్పరు. పొలోనా తలుపు తోసి లోపలికి వెళ్ళింది. ఆమె వెనక దమ్యాన్. ఆ వెనక తండ్రి వచ్చి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

ఆమె కన్నీళ్ళు ఆపుకోలేకపోయింది. "నీ ప్రాణానికి నేను పూచీ పడ్డానే, ఏం పనయ్యా అది? ఆ? అమ్మకి ఏం చెప్పుకోను?" అంటూనే కొవ్వొత్తి కోసం వెతికింది.

అతను కళ్ళు చిట్లించి గది నాలుగు మూలలూ చూస్తున్నాడు. కనుబొమల మీద, గడ్డం మీద మంచు పేరుకుంది.

"ఇక్కడ పొయ్యి ఎప్పుడు పెట్టారు?" అన్నాడు.

కొవ్వొత్తి వెలిగించబోతున్న పొలోనా చెయ్యి ఆగిపోయింది. ఆ ఇనప పొయ్యిని కింద నుంచి వీపున మోసుకొచ్చి పెట్టింది ఓజ్బెయే. ఆ ఏడాది ఆమె బడిలో ఉంది. ఆయన నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు.

అగ్గిపుల్ల గీసింది.

ముఖం నాన్నదే. ముడతలు నాన్నవే. చొక్కా, అమ్మ కుట్టిన గుండీ, అన్నీ నాన్నవే. గది నిండా తడిసిన జనపనార వాసన...

ముడి కుడి రొమ్ము మీద ఉంది.

అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది. ఇంకోటి గీసి కొవ్వొత్తికి అంటించింది. దమ్యాన్ ఏమీ గమనించలేదు. పట్టీ విప్పుకుంటూ, "మామయ్యా, కూచో, బూట్లు నేను తీస్తాను," అంటున్నాడు. అతను కూచోలేదు. అతని ముడి దగ్గర నుంచి తాడు తోక కిందికి జారి, నేల మీదుగా పాకి, తలుపు కింది సందులోంచి బయటికి పోయింది. బయట మంచులోకి.

ఆ తాడు కదిలింది.



ఒక పొట్టి లాగుడు. ఇంకో పొట్టి లాగుడు. తరవాత నెమ్మదిగా, ఓపిగ్గా... ఒక పొడుగు లాగుడు.

"నాన్నా!" అని ఆమె తలుపు మీదికి ఉరికింది.

అతను అడ్డంగా జరిగాడు. మొరటుగా కాదు. ఇంటి పిల్లని పొయ్యి దగ్గర నుంచి పక్కకి జరిపినట్టు జరిపాడు. ఎడమ చేతిని జేబులో పెట్టి ఓజ్బెయ్ కత్తి తీశాడు.

"తలుపు తియ్యకమ్మా," అన్నాడు మెల్లగా. "వదులు తాడు పట్టుకుని ఎవరైనా లోపలికొస్తారు."

తాడు పుటుక్కున తెగింది.

ఆమె నేల మీద పడి అందుకోబోయింది. వేళ్ళకి తగిలి జారిపోయింది. తెగిన కొస గడప కిందికి పోతోంది. దాన్ని ఎవరూ విసురుగా గుంజుకోవడం లేదు. ఒక మూరెడు పోయి ఆగుతోంది, మళ్ళీ ఒక మూరెడు పోయి ఆగుతోంది. తలుపు అవతల ఎవరో నిలబడి, కట్టుబాటు తప్పకుండా, దాన్ని చుట్టలు చుట్టలుగా భుజాన వేసుకుంటున్నట్టు.