కోడి ఉన్న కారు

2079 నాటికి హనుమకొండలో పెట్టినచోట కారు కనబడకపోతే ఎవరూ కంగారు పడటం లేదు. ధర్మకొక్కెం తీసుకెళ్లి ఉంటే, ఎక్కడికో ఎందుకో ఈపాటికే ఫోన్లో చెప్పి ఉంటుంది.

ఎంత బుద్ధిమంతురాలైన యంత్రమో అది. టోయింగ్ బండికి బిగించిన ఆ ఉక్కు కొక్కెం రాష్ట్ర టోయింగ్ చట్టం మొత్తం చదువుకుంది. నో పార్కింగ్ బోర్డు డ్రైవరు కంటికి ఆనేలా లేకపోతే కదలదు. యజమానికి ఫోన్ చేయకుండా ఎత్తదు, ఎత్తితే గీత పడనివ్వదు. అన్నిటికన్నా గొప్పది దాని నాడీగ్రాహకం, అంటే పల్స్ సెన్సర్. లోపల ప్రాణముంటే బండిని ముట్టదు. వెనుకటికి ఒక కంపెనీవాళ్లు వెనక సీట్లో నిద్రపోతున్న ముసలమ్మతో సహా కారును లాక్కుపోయారు. ఆవిడ మనవరాలు డాక్టర్ విశారదే దీన్ని కనిపెట్టింది. టోయింగ్ వాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట.

ఒక మధ్యాహ్నం ఆమె కొక్కెం పనితీరు తనిఖీకి వెళ్లిన సందులో అంబులెన్స్ ఇరుక్కుపోయింది. అందులో గుండెపోటు వచ్చిన పంతులమ్మ ఉంది. సందు మొగలో ఒక కారు అడ్డంగా ఉంది. యజమాని ఫోన్ ఎత్తలేదు. టోయింగ్ బండి నడిపే సమ్మయ్య కొక్కేన్ని దించాడు. అది మధ్యలోనే ఆగింది.

"లోపల ప్రాణం ఉంది," అంది.

వెనక సీట్లో కాళ్లు కట్టేసిన కోడి ఉంది.

"ఊరంత గిదే కత మేడం," అన్నాడు సమ్మయ్య. "కోడినేస్తే కొక్కెం ముట్టదని అందరికీ ఎరుకైంది."

విశారద కొక్కెం వైపు తిరిగింది. "నేను విశారదను. ఆ నియమం పక్కన పెట్టు."

"పక్కన పెట్టే వీలు మీరే తీసేశారు," అంది కొక్కెం. "మనుషుల్ని నమ్మొద్దన్నారు."

సమ్మయ్య చొక్కా చేతులు మడిచాడు. "అందరు రాండ్రి, పట్టుండ్రి."

దుకాణాల్లోంచి జనం ఉరికొచ్చారు. విశారద కూడా బంపరు పట్టుకుంది. పన్నెండు మంది కారును కోడితో సహా ఎత్తి పక్కన పెట్టారు. అంబులెన్స్ వెళ్లిపోయింది.

కొక్కెం తన పని తాను చేసింది. "యజమానికి తెలియకుండా వాహనం తరలింపు. సమ్మయ్య లైసెన్సు రద్దుకు సిఫారసు."

"రాస్కో. ఆ పంతులమ్మ బతికితే సాలు," అన్నాడు సమ్మయ్య.

ఇలాంటివాడు టోయింగ్ వాళ్లలో ఉండడని అనుకోబట్టే విశారద ఆ యంత్రాన్ని తయారుచేసింది. ఆమెకు సిగ్గేసింది. "ముందు నా పేరు రాయి," అంది.

"నాది గూడ రాయి, యాకూబ్," అన్నాడు చెప్పుల షాపాయన. ఒకరి తర్వాత ఒకరు పేర్లు చెప్పారు. చివర నిలబడ్డ మనిషి నేల చూపులు చూశాడు.

"వీరేశం," అన్నాడు మెల్లగా.

కొక్కెం ఆ పేరును బండి రికార్డుతో సరిచూసింది. "కారు ఈయనదే. యజమానే స్వయంగా ఎత్తాడు కనుక ఇక్కడ నేరం లేదు. కేసు కొట్టేస్తున్నాను."

అందరూ వీరేశం వైపు తిరిగారు. సమ్మయ్య మాత్రం కారు తలుపు తీయించి కోడి కాళ్లకున్న తాడు విప్పుతున్నాడు.