రంగుల పట్టీ

మా అక్క కూతురికి ఆరేళ్లు. ఒకచోట కుదురుగా కూర్చోవడం దాని జాతకంలోనే లేదు. అలాంటిదాన్ని పియానో క్లాసుకు తీసుకెళ్లే పని అక్క నా నెత్తిన పెట్టింది.

మొదటిరోజే గొడవ. పిల్ల పియానో కిందకి దూరింది. నేను కాళ్లు పట్టి లాగుతుంటే టీచర్ కళ్లెర్రజేసింది.

"వదలండి! పిల్లలు కూర్చోకపోతే మనమే లేవాలి. మీరు ఏనుగు."

"నేనా?"

"బొంగురు మీట మోగితే మీరు ఏనుగులా నడవాలి. సన్నటి మీట మోగితే పాప పిచ్చుకలా గెంతుతుంది. ఊఁ, కానివ్వండి!"

ఘీంకరిస్తూ నడిచాను. పిల్ల పడీపడీ నవ్వి, ఏనుగుని తిప్పడానికి తనే వచ్చి పియానో ముందు కూర్చుంది. టీచర్ కూడా నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

ఆ క్లాసులో ఒక పద్ధతుంది. కొత్త పిల్లలకి మీటల వెనక రంగుల పట్టీ నిలబెడతారు, ఏ మీట ఏదో తెలియడానికి. అది ఉన్నంతకాలం ఇంటి నుంచి పెద్దవాళ్లు ఒకరు గదిలో ఉండాలి. పట్టీ తీసేస్తే పెద్దవాళ్లకి సెలవు.

వారమంతా క్లాసు ఉండే బుధవారం కోసం ఎదురుచూసేవాణ్ణి. టీచర్ చెయ్యి పట్టీ వైపు కదిలితే చాలు, తీసేస్తుందేమోనని భయం. మనసులో మాట చెబుదామంటే ధైర్యం చాలదు. ఆమె ముందు నేను చేసిందల్లా ఘీంకరించడమే మరి!

ఒక వానరోజు పిల్ల కళ్లు మూసుకుని పాటంతా వాయించేసింది.

"ఇక పట్టీ అక్కర్లేదేమోనండీ," నేనే అన్నాను.

ఆమె కిటికీలోంచి వాన చూస్తూ, "ఇంకో వారం చూద్దాం," అంది.

పిల్లకి ఒళ్లు మండింది. "టీచర్! నాతో చేరినవాళ్లందరికీ తీసేశారుగా! నాకు పాట వచ్చి రెండు నెలలైంది. ఎప్పుడూ ఇంకో వారమేనా?"

టీచర్ చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూడకుండా, "తీసేస్తే మీ మామయ్య రారు కదమ్మా," అంది మెల్లగా.

అంటే, రెండు నెలలుగా ఆమె కూడా నాలాగే భయపడుతోంది.

"తీసేయండి," అన్నాను. "పట్టీ లేకపోయినా వస్తాను. మీ కోసం వస్తాను."

ఆమె పట్టీ తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"మరి ఏనుగు?" అంది పిల్ల బెంగగా.

టీచర్ చెయ్యి చాచి అన్నిటికన్నా బొంగురు మీట నొక్కింది.

నేను లేచి, ఆమె వైపు నడిచాను.