మామూలు అనే మాట

ఆ నెల మొదటి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు, విజయవాడ వన్‌టౌన్‌లోని ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: ఇంటి పెద్ద కోటిలింగంగారు, ఆయన కుడిచేతి వైపు కుమారుడు వేణుగోపాల్, ఎదురుగా భార్య చౌడేశ్వరమ్మగారు, చివరగా, వంటగది గుమ్మం దగ్గర చట్నీ గిన్నెతో నిలబడి, కోడలు. కోటిలింగంగారి పుస్తకంలోకి ఎక్కిన వరుస కూడా ఇదే. కోడలి పేరు సింధూరి. అయితే ఆ పుస్తకంలో ఆమె ఎనిమిదేళ్ళుగా ‘కోడలు’ మాత్రమే.

కోటిలింగంగారు ముప్ఫై ఒక్క సంవత్సరాలు చేనేత సహకార సంఘానికి కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యారు. పదవి పోయినా సమావేశాల అలవాటు పోలేదు. పాలవాణ్ణి మార్చడం మొదలుకొని బట్టల వ్యాపారంలో పెట్టుబడి వరకు ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా నెల మొదటి ఆదివారం చర్చకు వచ్చి, తీర్మానమై, ముత్యాల వంటి అక్షరాలతో పుస్తకంలోకి చేరి, చివర ఆయన సంతకంతో ముగిసేది.

“గత సమావేశపు తీర్మానాలు చదువుతాను, వినండి,” అన్నారాయన కళ్ళజోడు సవరించుకుంటూ.

“ముందు ఇడ్లీ తినండి. చల్లారిపోతే బాగోవు. మీ తీర్మానాలు ఎలాగూ చల్లారవు,” అన్నారు చౌడేశ్వరమ్మగారు.

ఆయన వినిపించుకోలేదు. ఆనాటి విషయం అంత ముఖ్యమైనది. డెన్మార్క్ దేశపు కంపెనీ ఒకటి, సహజమైన రంగులు అద్దిన చేనేత వస్త్రాన్ని మూడేళ్ళపాటు వేణుగోపాల్ దగ్గర కొనడానికి ముందుకు వచ్చింది. ముప్ఫై మగ్గాలకు చేతినిండా పని. రంగులు అద్దడానికి పామర్రు దగ్గర షెడ్డు కట్టారు. అక్కడ శుద్ధి చేసిన నీటిని డ్రెయిన్‌లోకి వదలడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ పని చేసిపెడతానని దుర్గాశంకర్ అనే మధ్యవర్తి ముందుకు వచ్చాడు.

ఇప్పుడా కంపెనీ రెండు కాగితాలు అడిగింది. ఒకటి, ఈ వ్యాపారం గురించి భాగస్వాములైన ఈ ఇంటివాళ్ళు చేసిన తీర్మానాల ఆంగ్లానువాదం. రెండవది, అనుమతుల కోసం ఏ ఉద్యోగికీ, ఎవరి ద్వారానూ, ఏమీ ఇవ్వలేదనీ ఇవ్వబోమనీ హామీపత్రం. పరాయి దేశంలో తమ తరఫున ఎవరు లంచమిచ్చినా తమ చట్టం తమనే శిక్షిస్తుందని కంపెనీ స్పష్టంగా వ్రాసింది. గడువు సోమవారం. ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన సింధూరి ఆ కంపెనీతో ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ నడిపేది.

“అమ్మాయీ, అనువాదం పూర్తయిందా?”

“రెండు తీర్మానాలు అయ్యాయి మావయ్యగారూ. మూడోది మిమ్మల్ని అడిగి చేద్దామని ఆపాను.”

కోటిలింగంగారు పేజీ తిప్పి చదివారు: “‘పామర్రు షెడ్డు అనుమతి నిమిత్తం శ్రీ దుర్గాశంకర్ తెలిపిన మామూలు ఖర్చులకు ఆమోదం తెలుపడమైనది.’ ఇందులో అడగడానికేముంది? ‘యూజువల్ ఎక్స్‌పెన్సెస్’ అని వ్రాయి. ‘కస్టమరీ’ అంటే ఇంకా హుందాగా ఉంటుంది.”

“డిక్షనరీ ప్రకారం మీరన్నది కరెక్టేనండీ. కానీ దుర్గాశంకర్‌గారు అన్న మామూలు ఆ మామూలు కాదు కదండీ.”

వేణుగోపాల్ ఇడ్లీ ముక్క పళ్ళెంలోనే వదిలేశాడు. “సింధూ, దీన్ని పెద్దది చెయ్యకు. మామూలంటే ఏంటో బెజవాడలో చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. డెన్మార్క్ వాళ్ళకి తెలీదు. అదే మన అదృష్టం.”

“నా భయమూ అదేనండీ. వాళ్ళకి తెలుగు రాదు, నన్ను నమ్ముకుని చదువుతారు. కింద ‘ఇది యథార్థమైన అనువాదం’ అని సంతకం పెట్టాల్సింది నేను.”

అంతలో వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. దుర్గాశంకర్ మల్లెపువ్వు లాంటి తెల్లచొక్కాతో లోపలికి వచ్చాడు.

“ఏం బాబాయ్, మీటింగు అయిందా? నాకూ హాజరు వేసెయ్యండి! పిన్నిగారూ, కాఫీ వాసన సందు మొదట్లోకే వచ్చింది.”

“వాసన వచ్చింది సరే, అనుమతి ఎప్పుడొస్తుంది నాయనా?” అన్నారు చౌడేశ్వరమ్మగారు.

“ఫైలంటే ఎద్దుబండి పిన్నీ. ఇరుసుకి కందెన పెట్టకపోతే కిర్రుమంటుంది గానీ కదలదు. సాయంత్రానికి ఆ కవరు రెడీ చేస్తే, పదిరోజుల్లో కాగితం మీ చేతిలో పెడతాను.” అనువాదం ఎక్కడ ఆగిందో వేణుగోపాల్ చెబితే విని నవ్వాడు. “దొరలకి లంచమంటే భయంగానీ, ‘ఫెసిలిటేషన్’ అంటే ఏం భయం? అలా రాసెయ్యమ్మా. సూటూ బూటూ వేసుకున్న మాట అది.”

“మాట సూటు వేసుకున్నా మనిషి మారడు కదండీ,” అంది సింధూరి. “పోనీ, మన దరఖాస్తు అందినట్టు ఆఫీసువాళ్ళు నంబరిచ్చి ఉంటారుగా. అది చూపిస్తారా?”

దుర్గాశంకర్ కాఫీ గ్లాసు ఒక క్షణం పెదవుల దగ్గరే ఆగింది. “నంబరు ఫైలు మీద ఉంటుందమ్మా. ఫైలు లోపలుంది. ఆడవాళ్ళకి ఆఫీసుల సంగతి అర్థం కాదులే.” గ్లాసు దించి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

అతడు సందు మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, కోటిలింగంగారు అరచేత్తో బల్లను చరిచారు. ఆ ఇంట్లో ఆయన గొంతు అంతగా పెరగడం ఎవరూ ఎరుగరు.

“ఇంటికి వచ్చిన మనిషిని నిలబెట్టి ప్రశ్నిస్తావా? ముప్ఫై మగ్గాలు! ముప్ఫై ఇళ్ళలో పొయ్యి! ఒక్క మాట మీద నీ పట్టింపు కోసం అవన్నీ ఆర్పేస్తావా?”

“ఆ ఇళ్ళ కోసమే చెప్తున్నానండీ.” సింధూరి చట్నీ గిన్నె బల్ల మీద పెట్టింది. “ఇవాళ ఇస్తే ఇవాళ్టితో పోదు. ఆఫీసరు మారితే ఒకసారి, ప్రభుత్వం మారితే ఒకసారి, ఇంకో దుర్గాశంకర్ వస్తాడు. ఎప్పుడో ఒకరోజు కంపెనీకి తెలుస్తుంది. ఆ రోజే ఒప్పందం తెంపేస్తారు. అది మగ్గం మీదున్న పడుగుని కత్తెరతో కోసెయ్యడమే. ఇప్పుడు చెప్తే, ఇంకా పడుగే ఎక్కలేదు కదా, నష్టం మనతో పోతుంది.”

“నాకు నీతులు చెప్పే వయసా నీది?”

“నీతులు కాదండీ. ఒక్కటే అడుగుతాను. సొసైటీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశారు. మీరెప్పుడైనా ఇలా ఇచ్చారా?”

సమాధానం చెప్పింది చౌడేశ్వరమ్మగారు.

“ఇవ్వడమా, పుచ్చుకోవడమా! నూలు వ్యాపారి ఒకాయన నూజివీడు రసాల బుట్ట పంపిస్తే, కిందకి కూడా దించనివ్వకుండా అదే రిక్షాలో వెనక్కి తోలారు. వీడికప్పుడు ఆరేళ్ళు. పండు, పండు అంటూ రిక్షా వెనకాల సందు చివరిదాకా పరిగెత్తాడు.” ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పిన కథే అది. ఈసారి చివరికి వచ్చేసరికి ఆమెకు నవ్వు రాలేదు.

“నాకు తెలుసు,” అన్నారు కోటిలింగంగారు. “కిటికీలోంచి చూశాను. ఆ తరువాత వాడి కాలేజీ సీటుకీ, మొదటి షాపుకీ కూడా నేను ఒక్కరికీ ఒక్క సిఫారసు మాట చెప్పలేదు. నా నిజాయితీ నా పేరుకే మిగిలింది, పరిగెత్తడం వాడికి మిగిలింది. ఈ ఒక్కసారైనా వాడు పరిగెత్తకూడదనుకున్నాను.”

వేణుగోపాల్ తల ఎత్తి తండ్రిని చూశాడు. ఆనాడు నాన్న చూడలేదనే అతడు ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

“ఆ పండు దక్కలేదన్న బాధ నాకు గుర్తులేదు నాన్నా,” అన్నాడు మెల్లగా. “రిక్షా వెనక్కి తిప్పించింది మా నాన్నేనని బళ్ళో అందరికీ చెప్పుకున్నాను. అదే గుర్తుంది.”

కోటిలింగంగారు పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయారు. సంతకం లేకుండా సమావేశం ముగియడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

సింధూరి కంప్యూటర్ ముందు కూర్చొని ఉత్తరం వ్రాసింది. మూడవ తీర్మానంలోని ‘మామూలు’ అనే మాటకు నిఘంటువులో సాధారణమైనదని అర్థమనీ, తమ ఊరి వాడుకలో లంచమని అర్థమనీ, ఇక్కడ రెండవ అర్థమే వర్తిస్తుందనీ వివరించింది. తమను అడిగారనీ, తాము ఇవ్వలేదనీ, ఇవ్వబోమనీ చేర్చింది. వేణుగోపాల్ ఆమె వెనుక నిలబడి రెండుసార్లు చదివాడు.

“పోతుందేమో సింధూ.”

“పోవచ్చండీ.”

“అయితే నీ పేరు పక్కన నాది కూడా పెట్టు. పోతే ఇద్దరం కలిసే పోగొట్టుకుందాం.”

సాయంత్రం వచ్చిన దుర్గాశంకర్‌కు కవరు లేదని చెప్పింది కూడా వేణుగోపాలే. “ఆఫీసు చుట్టూ ఎంతకాలం తిరుగుతారో నేనూ చూస్తాను,” అంటూ దుర్గాశంకర్ వెళ్ళిపోయాడు.

కంపెనీ జవాబు మూడవ రోజున వచ్చింది. నిజం తెలిపినందుకు కృతజ్ఞతలు. సక్రమమైన అనుమతి చేతికి వచ్చేవరకు ఒప్పందం నిలుపుదల. ఈ సీజను ఆర్డరు వేరొకరికి. నేతగాళ్ళకు కబురు చేస్తూ వేణుగోపాల్ ఫోనులో మాటలు వెతుక్కున్నాడు. కోటిలింగంగారు కోడలితో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. సింధూరి కొత్త దరఖాస్తు తయారుచేసుకొని ఒంటరిగా బస్సెక్కి, అనుమతి ఇచ్చే మచిలీపట్నం ఆఫీసుకు వెళ్ళింది. సంబంధిత ఇంజనీరు సెలవులో ఉండడంతో వచ్చిన దారినే తిరిగి వచ్చింది.

పదవరోజు ఉదయం ఆమె మళ్ళీ బస్టాండుకు వెళ్ళింది. మచిలీపట్నం బస్సు ఆగే చోట, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో గొడుగుతో, కోటిలింగంగారు ముందే నిలబడి ఉన్నారు.

“నీ దరఖాస్తు నకలు బల్ల మీద ఉంటే చదివాను,” అన్నారు ఆమె వైపు చూడకుండానే. “రెండో పేరాలో కర్తకూ క్రియకూ పొంతన లేదు. దిద్ది తెచ్చాను.”

“థాంక్సండీ మావయ్యగారూ.”

“బస్సులో కిటికీ పక్కన నువ్వు కూర్చో. నాకు గాలి పడదు.”

ఆ రోజు ఇంజనీరు ఉషశ్రీ సీటులోనే ఉన్నారు. వివరాలు విని, రిజిస్టరు మొదటి నుంచి చివరివరకు వెతికించి, ఆశ్చర్యంగా చూశారు.

“మీ షెడ్డు పేరుతో మాకు అసలు దరఖాస్తే రాలేదండీ. రానిదాన్ని మేమెలా ఆపుతాం?”

లోపల ఉందన్న ఫైలు లోకంలోనే లేదు. లేని ఎద్దుబండికి కందెన పెట్టబోయారు. “మా అమ్మాయి నంబరు అడిగిందండీ. ఆ మాత్రం అడగాలని నాకు తోచలేదు,” అన్నారు కోటిలింగంగారు ఉషశ్రీతో. కోడలు తల తిప్పి కళ్ళు తుడుచుకుంది.

అనుమతి ఆ రోజే రాలేదు. మామగారూ కోడలూ ఏడుసార్లు తిరిగారు. ఒకసారి మ్యాపులో డ్రెయిన్ గీత తప్పింది. ఒకసారి ఆఫీసు మొత్తం ఎన్నికల పనిలో ఉంది. ఇంకోసారి వరండాలో ఎవరో వంగి, “పెద్దాయనా, కాస్త మామూలు చూసుకుంటే ఈ తిరుగుడుండదుగా,” అన్నాడు.

“మేము చూసుకోమండీ,” అన్నారు కోటిలింగంగారు గొడుగు ఒళ్ళో పెట్టుకొని. “కూర్చుంటాం.”

నాలుగవ నెలలో కాగితం చేతికి వచ్చింది. కంపెనీ తన మనిషిని పంపి షెడ్డు చూసుకొని, ఒప్పందం తిరిగి ప్రారంభించింది. పోయిన సీజను పోయినదే. తొలి ఆర్డరు ఇరవై మగ్గాలకే సరిపోయింది. మిగిలిన పదింటికి మరుసటి ఏడు చూద్దామన్నారు. ఆ పది ఇళ్ళకూ కోటిలింగంగారు స్వయంగా వెళ్ళి, ఆలస్యం ఎందుకైందో దాచకుండా చెప్పి, అప్పటివరకు షాపు చీరల నేత ఇస్తామని మాట ఇచ్చి వచ్చారు.

ఆ తరువాతి మొదటి ఆదివారం ఉదయం చౌడేశ్వరమ్మగారు ఇడ్లీలు తెచ్చి పెట్టారు. సింధూరి అలవాటుగా గుమ్మం దగ్గర నిలబడబోయింది.

“అమ్మాయీ, కూర్చో. నిలబడిన వాళ్ళని నేను హాజరు వేయను,” అన్నారు కోటిలింగంగారు, తన పక్క కుర్చీ వెనక్కి లాగి.

“ఏవండోయ్, అది నా కొడుకు కుర్చీ!”

“నేను జరిగానులే అమ్మా,” అన్నాడు వేణుగోపాల్, ప్లేటు పట్టుకొని.

కోటిలింగంగారు చాలాసేపు వ్రాశారు. ఆ తరువాత లేచి నిలబడి, సంఘం మహాసభలో చదివినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చదివారు.

“హాజరైనవారు, కూర్చున్న వరుసలో: శ్రీమతి సింధూరి, కోటిలింగం, చౌడేశ్వరమ్మ, వేణుగోపాల్. తీర్మానం ఒకటి: అయిదు నెలల క్రితం ఈ పుస్తకంలో వ్రాసిన ‘మామూలు’ అనే మాట నేను వ్రాసినదే. దాని అర్థం తెలియక వ్రాయలేదు, తెలిసే వ్రాశాను. ఆ తీర్మానం రద్దు చేయడమైనది. తీర్మానం రెండు: ఇంటి పెద్ద వ్రాసిన మాటకు భయపడక, దాని నిజమైన అర్థాన్ని తన సంతకంతో ప్రపంచానికి తెలిపి, ఈ ఇంటి పేరును నిలబెట్టిన శ్రీమతి సింధూరి చేసిన పనికి ఈ కుటుంబం గౌరవపూర్వకంగా కృతజ్ఞతలు తెలుపుకొంటూ, ఆ విషయాన్ని ఇందుమూలంగా నమోదు చేయడమైనది.”

చదవడం పూర్తిచేసి ఆయన సంతకం చేశారు. తరువాత పెన్ను మూత పెట్టకుండానే, పుస్తకంతో సహా కోడలి ముందుకు జరిపారు.