పదకొండో కిలోమీటరు

"ఏంది మేడం, మా రోడ్డు మీద ముగ్గులేస్తున్నారు?"

బైకు దిగుతూ అడిగాడు రాజీవ్. గుంట చుట్టూ సుద్దతో గీత గీస్తున్న జాహ్నవి తలెత్తలేదు.

"ఇది మీ గుంటేనా?"

"మాదే. సాయంత్రానికి పూడుస్తాం."

"సరే. సాయంత్రం మళ్లీ వస్తా."

దుర్గి వైపు వెళ్లే ఆ రోడ్డుకు అతను కాంట్రాక్టరు తరఫు ఇంజినీరు. ఆమెది నరసరావుపేట, ఎం.టెక్ విద్యార్థిని. ఆ రోడ్డు పనిని ప్రభుత్వంవాళ్లు తక్కువ రేటు వేసినవాళ్లకు కాక, ఐదేళ్లు రోడ్డును బాగా ఉంచుతామన్నవాళ్లకు ఇచ్చారు. రోడ్డు బాగుంటేనే బిల్లు. ఈ పద్ధతి పనికొస్తుందో లేదో జాహ్నవి తేల్చాలి. ఆమె రిపోర్టు చూశాకే మిగతా రోడ్ల సంగతి.

రోడ్డు నునుపు కొలిచే ఆమె మిషన్‌తో నెల రోజులు కలిసి తిరిగారు. వాన పడితే ఒకే రేకుల షెడ్డు కింద నిలబడ్డారు. ఆమె నవ్వితే అతను రోడ్డు వైపు చూసేవాడు.

చివరి రోజు రాజీవ్ పదకొండో కిలోమీటరు దగ్గర ఆగి, గడ్డపలుగుతో తారు పెకలించాడు. కింద మట్టి బురదలా ఉంది.

"మీరొస్తున్నారని మా కాంట్రాక్టరు పైన పూత పూయించాడు. మీ మిషన్‌కి నున్నగానే కనపడ్డది."

"ఎందుకు చెప్తున్నారు? ఉద్యోగం పోతుంది!"

"మీరు బాగుందని రాశాక రోడ్డు కుంగితే, పద్ధతే దండగంటారు. పద్ధతి చానా మంచిది మేడం. లోపల కూడా చూడాలంతే."

జాహ్నవి అలాగే రాసింది. పద్ధతిని కొనసాగించమని, తవ్వి పరీక్షించడం తప్పనిసరి చేయమని. పైవాళ్లు ఒప్పుకున్నారు. రాజీవ్ ఉద్యోగం మాత్రం పోయింది. తర్వాత అతను ఫోనెత్తలేదు.

తన మీద కోపమేమోనని కుమిలిపోయి, మూడో వారం ఆమె గురజాలలోని వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసింది అతని తల్లి జ్ఞానమ్మ. "రాజీవ్‌కి నా మీద కోపమా అండీ?" అని అడిగింది జాహ్నవి.

"కోపం కాదమ్మా. పని లేనోణ్ణి, ఆ పిల్లతో ఏం మాట్లాడేదంటాడు."

వెనక రాజీవ్, మాసిన బనీనుతో.

"నేను పని గురించి రాలేదు," అంది జాహ్నవి. "నాకు నువ్వంటే ఇష్టం. నీకు?"

"షెడ్డు కింద నిలబడ్డప్పటి నుంచీ. మీ ఇంట్లో ఒప్పుకుంటారా?"

"నిన్ననే నాన్నకు చెప్పా. ముందు మనిషిని చూడాలన్నాడు. బయట ఆటోలో ఉన్నాడు."

రాజీవ్ బిత్తరపోయి తల్లి వంక చూశాడు.

"ఒరేయ్, చూస్తావేంది?" అంది జ్ఞానమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "పోయి చొక్కా తొడుక్కో. నేను ఆయన్ని లోపలికి పిలుస్తా."