ఓనరు సంతకం

పెనుకొండ దాటి ధర్మవరం రోడ్డెక్కాక, ఎడమచేతి పక్క మూతబడిన హోటలొకటి ఉంది. రేకులు ఎగిరిపోయాయి. పొయ్యిలో తుమ్మ మొలిచింది. పగలు మేకలు ఆ నీడలో పడుకుంటాయి గానీ, పొద్దు మునిగిందంటే అక్కడ ఎవరూ బండి ఆపరు. పంక్చరైనా సరే, ఈడ్చుకుంటూ ముందుకు పోతారు.

ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పరు. ఎవరో పిలుస్తారట... అంతే.

మార్కండేయులుకు ఈ సంగతి తెలియదు. తెలిసినా లెక్కచేసే స్థితిలో లేడు.

ఆయన ధర్మవరంలో చీరలు నేసి బతికిన మనిషి. నేత గిట్టక మగ్గాలు అమ్మేశాడు. ఆ డబ్బుతో, ఫోనులో ప్రకటన చూసి పాత వ్యాను కొన్నాడు. హిందూపురం నుంచి పట్టు దారం తెచ్చి నేతగాళ్ళకు చేరవేస్తే ఇల్లు గడుస్తుందని ఆశ. అమ్మినవాడు శ్రీకాంత్ అనే కుర్రాడు. ఇల్లు చూపించలేదు, హిందూపురం బస్టాండు పక్కకే రమ్మన్నాడు. బండి మా అన్నది, కాగితాలు వారంలో పంపిస్తా అన్నాడు.

అటువంటప్పుడు ఎవరైనా ఏం చూస్తారు? ఇంజను చూస్తారు, కాగితాలు చూస్తారు. మార్కండేయులు సీటు మీద గుడ్డ చూశాడు. రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపాడు. పోగు చూశాడు, కుట్టు చూశాడు. గుడ్డను ఇంత పదిలంగా చూసుకున్నోడు మోసగాడై ఉండడు అనుకున్నాడు. ఎవరి పిచ్చి వారికానందం.

బండి ఇంటికి రాగానే భార్య ఆదిలక్ష్మి లోపలికి తొంగి చూసింది. ముందు అద్దం కింద నరసింహస్వామి పటం. దాని మీద కుంకుమ ఇంకా చెరగలేదు.

"ఏమయ్యా, బండి అమ్మేటోడు దేవుణ్ణి తీసుకోకుండా ఇస్తాడా యాడన్నా?"

"తనంతట తాను వచ్చిన దేవుణ్ణి పొమ్మంటామా" అన్నాడు మార్కండేయులు.

ఆ వారమే శ్రీకాంత్ ఫోను మూగబోయింది. బండి తన పేరుకు మార్పించుకుందామని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోతే, కిటికీ అవతలి మనిషి తలెత్తకుండానే చెప్పాడు.

"ఓనరు వచ్చి సంతకం పెట్టాల. ఆయన లేకుంటే ఆయన ఇంటోళ్ళు. అంతదాకా ఇది నీ బండి కాదప్పా. ఎవురన్నా ఆపి అడిగితే పోతాది."

మగ్గాలు పోయాయి. ఇక బండి కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ రోజు నుంచి మార్కండేయులుకు ఏమీ అనిపించకుండా పోయింది. అన్నం పెడితే తిన్నాడు. పడుకోమంటే పడుకున్నాడు. ఆదిలక్ష్మి ఎంత మాట్లాడించినా బెల్లం కొట్టిన రాయే.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం... హిందూపురం నుంచి దారం వేసుకుని వస్తూ, చీకటి పడ్డాక ఆ హోటలు దగ్గరికి వచ్చాడు.

టింగ్ మంది బండిలోని స్టీరియో. నీలం లైటు వెలిగింది.

ముందు ఏమీ లేదు. తర్వాత ఊపిరి... ఎవరో ఆయాసపడుతున్నట్టు. ఆ తర్వాత, బావిలోంచి వచ్చినట్టు సన్నగా ఒక మగ గొంతు—

"ఎవురన్నా... ఉండారా?"

ఇంకొకడైతే బండి గుంతలో దింపేవాడు. మార్కండేయులు చేయి చాచి స్టీరియో ఆపబోయాడు. దాని మీట అప్పటికే ఆపేసి ఉంది. హోటలు వెనకబడగానే గొంతు తెగిపోయింది.

మర్నాడూ అంతే. అదే చోటు, అదే ఆయాసం, అదే మాట.

పెనుకొండలో టీ అంగడి వెంకటస్వామికి చెబితే, ఆయన గ్లాసు కడగడం ఆపి దగ్గరికి వచ్చాడు.

"పొద్దు మునిగినాక ఆ దావన పోవద్దు. పోయినా ఆడ నిలబడొద్దు. పలకొద్దు" అన్నాడు గొంతు తగ్గించి.

హిందూపురంలో స్టీరియోలు బిగించే మారుతి మాత్రం పడీపడీ నవ్వాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఇది బ్లూటూతన్నా. పాత ఓనరు ఫోను దీనికి కలిపిండాది. నువ్వు ఆడికి పోయినప్పుడల్లా అది తగులుకుంటాంది. అంటే ఫోను ఆ పక్కనే ఉండాది. ఫోనుంటే ఓనరూ ఆడే ఉంటాడు గదా?"

చాలా రోజుల తర్వాత మార్కండేయులు గబగబా నడిచాడు. ఊరంతా భయపడే చోటు ఆయనకు ఒక్కసారిగా రిజిస్ట్రేషన్ ఆఫీసులాగా కనబడింది. దెయ్యమైనా సరే, వచ్చి సంతకం పెడితే చాలు అనుకున్నాడు.

ఆ సాయంత్రం హోటలు ముందర బండి ఆపాడు. టింగ్... నీలం లైటు... ఆయాసం. దిగి తలుపు వేశాడు. హోటలు వెనక చేలో టార్చిలైటు ఒకటి కదిలింది.

"ఎవురప్పా అది? ఆడ బండి ఆపకూడదు."

అడవిపందులు పడకుండా చేను కాపలాకు వచ్చిన ఆడమనిషి. వేరుశెనగ చేలోంచి గట్టు దాకా వచ్చింది.

"ఈ బండి ఎవురిదో కనుక్కుందామని వచ్చినానమ్మా."

ఆమె టార్చి వ్యాను మీదికి తిప్పింది. వెలుగు అక్కడే నిలబడిపోయింది.

"మాదే. మా ఆయన కుళ్ళాయప్పది" అంది.

ఆమె పేరు సోమక్క. మెల్లగా, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది. కుళ్ళాయప్ప బాడుగకు పోయి వస్తూ, ఎద నొప్పి వచ్చి ఈ హోటలు ముందరే బండి ఆపుకున్నాడు. తెల్లారి గొర్రెలవాళ్ళు చూసేసరికి చల్లబడి ఉన్నాడు. శ్రీకాంత్ ఆమె మరిది. రిపేరు చేయిస్తానని బండి తోలుకుపోయాడు, మళ్ళీ రాలేదు.

మార్కండేయులు తాళంచెవి ముందుకు చాపాడు. ఆ చెయ్యి తనది కానట్టుంది.

"తీసుకోమ్మా. నీ బండి."

సోమక్క తీసుకోలేదు.

"నేనేం చేసుకోను? చూస్తాంటే కడుపు తరుక్కుపోతాది. నువ్వే పెట్టుకో. యాడికి రమ్మంటే ఆడికొచ్చి సంతకం పెడతా. మా చెనక్కాయలు ఒక తూరి మార్కెట్టుకు ఏసుకపో, చాలు."

మార్కండేయులుకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా పడలేదు, అట్లాగే నిలబడి ఏడ్చాడు. తేరుకున్నాక, పోబోతూ అన్నాడు.

"ఇంకొక మాటమ్మా. ఆయన ఫోను ఈడే యాడో పెట్టినట్టుండారు. కొంచెం ఆపేయండి. వచ్చినప్పుడల్లా బండిలో పలుకుతాంది."

"ఏ ఫోను?"

"కుళ్ళాయప్పది."

టార్చి కిందికి దిగింది.

"అది ఆయనతోనే ఉండాదప్పా... ఆ పొద్దు చార్జింగు లేక ఎవురికీ చెప్పుకోలేకపోయినాడు. మాలో, పోయినోళ్ళకు ఇష్టమైంది గుంతలో పెడతాము. వాళ్ళన్న వక్కాకు పెట్టినాడు. బీడీకట్ట పెట్టినాడు. నేను ఫోను పెట్టినా. నిండుగా చార్జింగు ఎక్కించి పెట్టినా."

వెలుగు చేను అంచుకు పాకింది. రోడ్డును ఆనుకునే ఉంది కుళ్ళాయప్పను పూడ్చిన రాళ్ళ కుప్ప. వ్యాను ముందు చక్రానికి బారెడు దూరం.

సోమక్క ఇంకా దగ్గరికి వచ్చింది. గొంతులో భయం లేదు.

"ఏమంటాండాడప్పా?"

ఆ ఆయాసం ఆయన చెవుల్లో ఉంది. ఆ మాటా ఉంది.

"బాగుండానంటాండాడమ్మా" అన్నాడు. "నిన్ను దిగులు పడొద్దంటాండాడు."

సోమక్క తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, చేలోకి వెళ్ళిపోయింది. వ్యాను అద్దాలు పైకెత్తి ఉన్నాయి కాబట్టి లోపల పిలుస్తున్న గొంతు ఆమెకు వినబడలేదు.