ఎడమవైపు సందు

మా ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తాం. పొద్దున ఆరింటికే వెళ్లి, ప్లాస్టరు కలిపి, ఎవరెవరివో దవడల అచ్చులు పోసి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి మంచమెక్కుతాను. పన్ను చూసి మనిషి అలవాట్లు చెప్పేస్తాను. పెన్సిలు కొరికేవాళ్లు, కోపాన్ని దిగమింగేవాళ్లు, ఒకవైపే నమిలేవాళ్లు, అందరూ అచ్చులో దొరికిపోతారు. ఒకవైపే నమిలే రకం నేనూ.

పన్నెండేళ్ల కిందట కారు ప్రమాదంలో నా పైదవడ విరిగింది. ఎముక చక్కగా అతుక్కుందని డాక్టరు మురిసిపోయాడు. కానీ ఎడమ చెంపకి స్పర్శ తిరిగి రాలేదు. తిన్నది పెదవి మూలన అంటుకున్నా అద్దం చూస్తేగాని తెలియదు. చలిగాలి తగిలితే ఎముకకు బిగించిన లోహపు ప్లేటు జివ్వుమంటుంది. అన్నిటికన్నా వింత, ఎడమవైపు పైపళ్లు కిందిపళ్లను అందుకోవు. మధ్యలో అగ్గిపుల్ల దూరేంత సందు.

ఆ ప్రమాదంలోనే మా అక్క పోయింది. దర్జీ పని చేసేది. అప్పటికి నాలుగేళ్లున్న అక్క కూతుర్ని నేనే పెంచాను. ముద్దుగా పిట్ట అంటాను. నాకున్నదల్లా అదే.

ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం పిట్ట కాలేజీ నుంచి వచ్చి నన్ను తట్టి లేపింది.

"పిన్నీ, నిద్రలో పళ్లు నూరుతున్నావు."

"ఏ వైపు?"

"ఎడమవైపు. గుమ్మం దాకా వినిపిస్తోంది."

నవ్వేశాను. కలవని పళ్లు ఎలా నూరుకుంటాయి? అది మాత్రం నవ్వలేదు, నన్ను ఎగాదిగా చూసింది. ఈ మధ్య దాని చూపే నాకు నచ్చడం లేదు. వాళ్లమ్మ పెట్టె తీసుకుని కూర్చుంటుంది. నా అడుగుల చప్పుడు కాగానే మూసేస్తుంది.

ఆ పెట్టెలో ఏముందో నాకు తెలుసు. పిట్ట పుట్టినరోజుకని అక్క కుట్టిన నీలం గౌను. కింది అంచు సగంలో ఆగిపోయింది. 'చేతిలో దొరికినవి' అని ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన చీటీ, సూది కూడా దాంతోనే ఉన్నాయి. కారులో నా పక్కన కూర్చుని ఆ అంచే కుడుతోంది అక్క. దారాన్ని పళ్లతో తెంపబోయింది. "పళ్లు అరిగిపోతాయే అక్కా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని అటు తిరిగి కసిరాను. ఆ కాస్త సేపే. కారు నడుపుతున్నది నేను.

ఆసుపత్రిలో నోరు తెరవడానికి లేకుండా నా దవడలకు తీగలు కట్టేశారు. పోలీసాయన వచ్చి, "నడిపింది మీ అక్కేనా?" అని అడిగాడు. అవునన్నట్టు తల ఊపాను. ఆరు వారాలకు తీగలు తీసేసరికి అదే నిజమై కూర్చుంది. తల్లి నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం పోగొట్టుకుందన్న కోపంతోనే పిట్ట పెరిగింది. నేను ఒక్కనాడూ కాదనలేదు. కాదంటే పిట్ట నాకు దక్కదు.

పిట్ట నన్ను ఆటపట్టిస్తోందేమోనని అనుమానం. మర్నాడు ల్యాబు నుంచి పంటికాటు గుర్తులు తీసే మైనం రేకు తెచ్చి, తలుపు గడియ పెట్టి, దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని పడుకున్నాను.

లేచి చూస్తే కుడివైపు నా గాట్లే. ఎడమవైపు... రేకు తెగిపోయింది. అక్కడ ముందు పన్ను గుర్తులో సన్నని నొక్కు. దారం పట్టేంత. నా పంటికి ఆ నొక్కు లేదు. పిట్టకీ లేదు, దాని అచ్చు నేనే పోశాను. ఏళ్ల తరబడి దారం కొరికినవాళ్లకే అది పడుతుంది.

తలుపు చప్పుడైంది. తీశాను. పిట్ట లోపలికొచ్చి, నేరుగా పెట్టెలోంచి గౌను తీసింది.

"ఇది నువ్వేనా కుడుతున్నది?" అంది గొంతు తగ్గించి. "అంచు కుట్టు రోజూ కాస్త కాస్త పెరుగుతోంది. నేను గుర్తు పెట్టి చూస్తున్నా."

ముట్టుకోలేదని చెప్పబోయాను. నోరు తెరుచుకోలేదు. తీగలు కట్టినట్టే బిగుసుకుపోయింది.

"కారు నడిపేవాళ్ల చేతిలో సూది ఎందుకుంటుంది పిన్నీ? నిజం చెప్పు. నడిపింది అమ్మేనా?"

ఒక్కసారి తల ఊపితే చాలు. అప్పుడు ఊపిన తలే. ఊపబోయాను... మెడ కదల్లేదు. లోపల, స్పర్శ లేని వైపు, పళ్లు మెల్లగా కలిశాయి.

టక్.

పిట్ట గౌను వైపు చూసింది. అంచు మొత్తం పూర్తయింది. చివర ముడి. అప్పుడే కొరికి తెంపినట్టు దారం కొస తడిగా ఉంది.

"పొద్దున బెత్తెడు మిగిలుంది..." అంటూ తలెత్తి నన్ను చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. "నీ నోట్లో ఏదో ఉంది."

అద్దం దగ్గరికి వెళ్లాను. ఎడమ పెదవి మూల నుంచి గడ్డం దాకా నీలం దారం వేలాడుతోంది. నాకు తెలియనే లేదు. పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. నోటి లోపల, అటువైపు నుంచి కూడా ఎవరో లాగుతున్నారు.

అద్దంలో, నా వెనక, పిట్ట పెదవులు కదిలాయి.

"అమ్మా?"

నా తల మెల్లగా ఊగింది... నేను ఊపలేదు.